చింతపండుతో తోమిన పతకం

కెనడాలోని రెజైనా ఊరికి వచ్చాక మా తొలి ఈస్టర్ ఆరాధనకి నేను ఒక జర్మన్ సైనికుడి పతకాన్ని పైటకి పెట్టుకుని వెళ్లాను. అది పతకమని నాకు తెలియదు. అంతకు ముందు నెలలో గుడి బేస్‌మెంట్‌లో పాత సామాన్ల అమ్మకం జరిగింది. గుండీలూ తెగిన గొలుసులూ వేసి ఉన్న గాజు గిన్నెలో నల్లటి చిన్న సిలువ ఒకటి కనిపించింది. నాలుగు చేతులూ చివరికి వచ్చేసరికి వెడల్పవుతాయి. చుట్టూ వెండి రంగు అంచు. నట్టనడుమ మూడు ఆకులు. కింది చేతి మీద 1939 అని అంకె. ఆకులున్నాయి గనక ఈస్టర్‌కి ముందొచ్చే మట్టల ఆదివారానికి సంబంధించినదనుకున్నాను. అంకె ఎవరిదో బాప్తిస్మపు సంవత్సరం అనుకున్నాను. పైన ఉన్న రింగులో పిన్నీసు దూర్చి తెల్ల పట్టుచీర పైటకి పెట్టుకున్నాను. పాస్టరుగారి కూతుర్ని కదా, వెనక బెంచీలు నాకు అలవాటు లేదు. వెళ్లి రెండో వరుసలో కూర్చున్నాను.

మాది లూథరన్ సంఘం. గుంటూరు పక్కన మా నాన్నగారు కాపరిగా ఉన్న గుడీ అదే, ఇక్కడ మేం వెతుక్కున్న గుడీ అదే. ఇక్కడి సంఘంలో పెద్దవయసు వాళ్లే ఎక్కువ. చాలామందివి జర్మనీ నుంచీ, రష్యాలోని జర్మన్ ఊళ్ల నుంచీ వచ్చి ఈ గోధుమ నేలలో స్థిరపడ్డ కుటుంబాలు. ఆ రోజు వాళ్లు పాటల పుస్తకాల మీదుగా నావైపు చూస్తుంటే చీర నచ్చిందేమోనని మురిసిపోయాను.

ఆరాధన అయ్యాక కాఫీ దగ్గరికి వెళ్తుంటే, మొదటి వరుసలో కూర్చునే పెద్దావిడ నా మోచెయ్యి పట్టుకుని కోట్లు తగిలించే మూలకి తీసుకెళ్లింది. ఎనభై ఏళ్లుంటాయి. నిటారు మనిషి. ఆమెది జర్మన్ యాస ఇంగ్లీషు, నాది గుంటూరు యాస ఇంగ్లీషు.

"ఇది నీకెక్కడిది, డియర్?"

"మన సేల్‌లోనే దొరికింది ఆంటీ. బాగుంది కదా?"

"బాగానే ఉంది. దీన్ని ఐరన్ క్రాస్ అంటారు. యుద్ధంలో సైనికులకి ఇచ్చేవాళ్లు."

"ఏ యుద్ధంలో?"

"నువ్వు అనుకుంటున్న యుద్ధంలోనే."

నా చెయ్యి దానంతటదే పైట మీదికి పోయింది. ఆమె గొంతు ఇంకా తగ్గించి చెప్పింది. "ఇక్కడ ఎవరూ నిన్ను తప్పు పట్టరు. కానీ నీ వెనక కూర్చున్నాయన వాళ్ల నాన్న కెనడా సైన్యంలో వెళ్లి హాలండ్‌లో పోయాడు. అందుకని చెబుతున్నా."

నాకు కళ్లనీళ్లొచ్చాయి. పిన్నీసు తీయబోతే పైట జారింది. ఆమె తన కోటుకున్న బ్రూచి తీసి నా పైటకి పెట్టి, ఆ సిలువని తన చేతిరుమాలులో చుట్టి నా చేతిలో పెట్టింది. తరవాత నన్ను ఆ వెనక వరుసాయన దగ్గరికి తీసుకెళ్లి, "ఈ అమ్మాయి దాన్ని మన సిలువ అనుకుంది" అని ఒక్క ముక్కలో చెప్పేసింది. ఆయన ఒక క్షణం నన్ను చూసి, పెద్దగా నవ్వి, నాకు కాఫీ కలిపి ఇచ్చాడు. ఆ బ్రూచి తిరిగి ఇవ్వబోతే ఆమె తీసుకోలేదు. ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

మా ఆయన ఈ కథని ఇంటికొచ్చిన ప్రతి తెలుగు కుటుంబానికీ చెబుతారు. చెప్పిన ప్రతిసారీ గుడిలో జనం పెరుగుతారు.

ఆ వారంలోనే ఆమె నన్ను ఇంటికి పిలిచి, గసగసాల కేకు పెట్టి, సంగతంతా చెప్పింది. యుద్ధం అయిపోయాక జర్మనీలో ఆ కాలపు పతకాలేవీ పెట్టుకోకూడదని నిషేధం వచ్చింది. వాటి మీద హిట్లర్ పార్టీ గుర్తు ఉండేది. మన ఇళ్లలో గడపల మీద పసుపు కుంకుమలతో వేసే స్వస్తిక వేరు, అది వేరు అని నేను ఆమెకి చెప్పాను. తెలుసు డియర్ అంది. తరవాత 1957లో పశ్చిమ జర్మనీ ఒక చట్టం చేసింది. ఆ గుర్తు తీసేసి కొత్తగా చేయించుకుంటే, యుద్ధంలో సంపాదించుకున్న పతకాలు పెట్టుకోవచ్చు. పాతవాటిని ప్రభుత్వం దిద్ది ఇవ్వలేదు. తమకి పతకం వచ్చిందని రుజువు కాగితం చూపించి, ఎవరిది వాళ్లే దుకాణంలో కొనుక్కున్నారు. ఐరన్ క్రాస్ మధ్యలో గుర్తు ఉన్న చోట మూడు ఓక్ ఆకులు వచ్చాయి. నేను పైటకి పెట్టుకున్నది అలాంటిది. పతకాలు సేకరించేవాళ్లు వీటిని యాభై ఏడు రకం అంటారు.

"మరి 1939 ఎందుకు తియ్యలేదు ఆంటీ?"

"అది జరిగింది కదా. దాన్నెలా తీస్తారు?"

ఆ మాట నాతో ఇంటికి వచ్చింది. గుర్తు తీసేశారు, సంవత్సరం ఉంచేశారు. మా నాన్నగారి సంఘంలో బుధవారం కూటాల్లో సాక్ష్యం చెప్పడానికి ఎవరైనా లేస్తే ఆయన ఒక ప్రశ్న తప్పక అడిగేవారు. "ఏ సంవత్సరం నాయనా?" తాగి పెళ్లాం పుస్తె అమ్మిన సంవత్సరం, తమ్ముడి మీద కత్తి ఎత్తిన సంవత్సరం. దేవుడు నన్ను మార్చాడు అని ఊరికే అంటే ఆయన తల ఊపేవారు కాదు. సంవత్సరం చెప్పినవాడి చెయ్యి పట్టుకుని, అప్పుడు ప్రార్థన చేసేవారు. ఒక దేశం చట్టం చేసి గుర్తు తీయించడం మారుమనస్సు కాదని నాకు తెలుసు. చాలామంది ఆ ఆకుల వెనక హాయిగా దాక్కునే ఉంటారు. అయినా ఆ చిన్న సిలువని పారెయ్యలేకపోయాను. నీలం రంగు బిస్కెట్ల డబ్బాలో మెత్తటి బట్ట పరిచి అందులో పెట్టాను. అలా మొదలైంది.

ఇప్పుడు ఆ డబ్బాలో పదిహేడున్నాయి. రష్యా చలిలో యుద్ధం చేసినవాళ్లకి ఇచ్చిన పతకం ఒకటి, పద్దెనిమిదేళ్ల సైన్య సేవకి ఇచ్చింది ఒకటి, గనుల్లో ప్రమాదం జరిగితే లోపలికి దిగి మనుషుల్ని బయటికి తెచ్చేవాళ్లకి ఇచ్చింది ఒకటి. నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఆ గనులదే. అన్నీ గుర్తు తీసేసి మళ్లీ చేసినవే. గుర్తు ఉన్నవి నేను ముట్టుకోను. ఊళ్లో నాణేల, పతకాల ప్రదర్శన జరిగినప్పుడు బల్లల వెనక కూర్చున్న మగవాళ్లు నన్ను చూసి నవ్వుతారు. "గుర్తు లేనివా? అవి మిగిలిపోయిన సరుకు మేడమ్, ఆ కింద పెట్టెలో చూడండి" అంటారు. నేను నేల మీద కూర్చుని ఆ కింద పెట్టె వెతుక్కుంటాను.

"మామ్, నార్మల్ పీపుల్ కలెక్ట్ ఫ్రిజ్ మాగ్నెట్స్" అంటుంది మా అమ్మాయి.

మా ఆయన నన్ను మెడల్స్ మేడమ్ అంటారు. వంట ఆలస్యమైతే, "మేడమ్ గారూ, ఈ సిపాయికి అన్నం పెడితే ఏ పతకం ఇవ్వక్కర్లేదు" అంటారు.

మొదటి రెండేళ్లూ ఆ పెద్దావిడ లేకపోతే మేం ఈ ఊళ్లో నిలబడేవాళ్లమా అని ఇప్పటికీ అనుకుంటాను. అమెరికాలో వీసా గడువు దగ్గరపడుతుంటే కెనడాకి అప్లై చేసి వచ్చినవాళ్లం. మా ఆయనకి ఇక్కడ ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది, నాకు రాలేదు. మైనస్ ముప్ఫైలో కారు ఇంజనుకి రాత్రంతా కరెంటు ప్లగ్ పెట్టి ఉంచాలని మాకు చెప్పింది ఆమే. నాకు టైఫాయిడ్ లాంటి జ్వరం వచ్చినప్పుడు వారం రోజులు సూప్ మోసింది ఆమే. నన్ను గుడిలో బలిపీఠం చూసుకునే ఆడవాళ్ల గుంపులో చేర్చింది కూడా ఆమే.

ఆ గుంపు పని, పండుగల ముందు ఇత్తడి కొవ్వొత్తి స్తంభాలూ, సిలువా, పూలకుండీలూ మెరిసేలా తుడవడం. వాళ్లు సీసాలో దొరికే ఏదో తెల్లటి మందు వాడేవాళ్లు. వాసనకి నా తల తిరిగిపోయింది. మరుసటి సారి నేను చింతపండు, ఉప్పు తెచ్చాను. మా అమ్మ ప్రతి శనివారం గుడి ఇత్తడి అంతా చింతపండుతోనే తోమేది. ఆ గోధుమరంగు ముద్ద చూసి ఆ ఆడవాళ్లు ఒక అడుగు వెనక్కి వేశారు. ఒక స్తంభం తోమి కడిగి కిటికీ దగ్గర పెట్టాక ముందుకొచ్చారు. ఇప్పుడు వాళ్లే నన్ను అడుగుతారు, "నీ పుల్లటి పేస్టు తెచ్చావా?" అని.

పతకాల విషయంలో మాత్రం సూత్రం దీనికి పూర్తిగా ఎదురు. పతకాన్ని తోమకూడదు. ఏళ్ల తరబడి దాని మీద పేరుకున్న నలుపు, మరక, ఆఖరికి చిలుము కూడా దాని చరిత్ర. తోమితే అది పోతుంది, తిరిగి రాదు. సేకరించేవాళ్లు మొదట నేర్చుకునేది ఇదే. నేను కొత్తవాళ్లకి ఈ మాట చెబుతూ ఉంటాను, ప్రసంగం లాగా.

ఈ వసంతంలో ఆమె ఇల్లు అమ్మేసింది. మోకాళ్లు మెట్లు ఎక్కనివ్వడం లేదు. ఈస్టర్ తరవాత వృద్ధుల హోమ్‌లోకి మారాలి. అక్కడ ఒక్క గది. నలభై ఏళ్ల సామానులో ఏది ఉంచాలో ఏది పంచాలో తేల్చుకుంటూ, ఒకరోజు నన్ను పిలిచి ఒక సిగరెట్ల రేకుపెట్టె చేతిలో పెట్టింది. లోపల బొటనవేలంత నల్లటి బ్యాడ్జి. చుట్టూ ఆకుల దండ, మధ్యలో ఒకదాని మీద ఒకటి వేసిన రెండు కత్తులు, వాటి మీద సైనికుడి హెల్మెట్. యుద్ధంలో ఒకటి రెండుసార్లు గాయపడ్డవాళ్లకి ఇచ్చేది.

"మా నాన్నది. ఆయన పోయాక పెట్టెలో దొరికింది. నేనెప్పుడూ సరిగ్గా చూడలేదు, చూడాలనిపించలేదు."

"ఇప్పుడెందుకు తీశారు ఆంటీ?"

"నా మనవరాలు అడిగింది. కాల్గరీలో చరిత్ర చదువుతోంది కదా. ఈస్టర్‌కి వస్తోంది. ముత్తాతది ఏదైనా ఉంటే ఇమ్మంది." ఆమె రేకుపెట్టె మూత వేళ్లతో తడుముతూ ఉండిపోయింది. "నాకు ఒక్కటే కావాలి. ఇది కొత్త రకమా, పాత రకమా? కొత్తదైతే పిల్లకి ఇస్తాను. మా నాన్న ఆ గుర్తు వద్దనుకున్నాడని చెప్పి ఇస్తాను. పాతదైతే చెత్తలో పడేస్తాను. ఆ గుర్తుని నా చేత్తో పిల్ల చేతిలో పెట్టలేను. నువ్వు చూసి నిజం చెప్పు."

ఇంటికి తెచ్చి భూతద్దంలో చూశాను. హెల్మెట్ మీద గుర్తు లేదు, నున్నగా ఉంది. యాభై ఏడు రకం అలాగే ఉంటుంది. వెనక తిప్పి చూస్తే పిన్ను మాత్రం పాత తరహాది. నేను చూసిన యాభై ఏడు రకం బ్యాడ్జిల్లో దేనికీ అలాంటి పిన్ను లేదు. ఎప్పుడో విరిగితే మార్పించుకుని ఉంటాడులే అనుకున్నాను. ఆ ఒక్క అనుమానాన్నీ నేనే పక్కకి నెట్టేశాను. అది కొత్తదై ఉండాలని నాకు అంత కోరికగా ఉంది. ఫోన్ చేసి, "కొత్త రకమే అనిపిస్తోంది ఆంటీ" అన్నాను. "దేవునికి స్తోత్రం" అంది. సాయంత్రానికల్లా మనవరాలికి కూడా చెప్పేసింది.

నా డబ్బాలో ప్రతిదానికీ ఒక చిన్న కార్డు ఉంటుంది. అది ఏమిటి, ఏ రకం, ఏమైనా మార్పులున్నాయా అని. సేకరించేవాళ్ల పద్ధతి అది. దీనికి కూడా ఒక కార్డు రాశాను. నల్ల గాయపు బ్యాడ్జి, యాభై ఏడు రకం. మట్టల ఆదివారానికి ముందు శనివారం మధ్యాహ్నం, ఆ కార్డూ బ్యాడ్జీ వంటింటి కిటికీ గట్టు మీద పెట్టుకున్నాను. గుడి ఇత్తడి తోమడం అయ్యాక రెండూ ఆమెకి ఇచ్చి రావాలని.

సింకు నిండా కొవ్వొత్తి స్తంభాలు. మోచేతుల దాకా చింతపండు. కిటికీలోంచి ఎండ బ్యాడ్జి మీద పడింది. అంచున ఒకచోట నలుపు పోయి పసుపుపచ్చగా ఇత్తడి కనిపిస్తోంది, పక్కన జిడ్డు. మా ఇంట్లో ఎవరి గిన్నె తెచ్చుకున్నా తోమకుండా తిరిగి ఇచ్చేది కాదు మా అమ్మ. అడుగున వాళ్ల ఇంటి మసి ఉన్నా గీకి తెల్లగా చేసి పంపేది. ఆ జిడ్డుతో ఆంటీ చేతికి ఎలా ఇస్తాను అనుకున్నాను. అనుకున్నానని కూడా చెప్పలేను, చెయ్యే ముందు కదిలింది. చింతపండు అంటిన బొటనవేలితో అంచు మీద ఒక్కసారి రుద్దాను.

నలుపు పొరలాగా లేచి వచ్చింది. అంచు దగ్గర ఆగలేదు. ఆకుల మీదుగా, హెల్మెట్ మీదుగా, ఉడికిన బంగాళదుంప తొక్కలా ఊడి సింకులో పడింది.

నీళ్ల కింద పెట్టాను, ఇంకా పోయింది. బట్టతో అద్ది భూతద్దం తెచ్చాను. అసలైన రంగు ఇలా ఊడదు. ఇది పొయ్యి గొట్టాలకి వేసే నల్ల పెయింట్ లాంటిదేదో. దాని కింద హెల్మెట్ నిండా గీతలు. ఆకురాయి గీతలు, అడ్డంగా, నిలువుగా, ఐమూలగా. వాటి మధ్యలో బియ్యపు గింజంత బూడిదరంగు చుక్క. అది చూడగానే నాకు తెలిసిపోయింది. మా అమ్మ చిల్లుపడ్డ గిన్నెలకి వేయించే సీసపు మాటు. ఎవరో గుర్తుని ఆకురాయితో అరగదీశారు. చేతకాక మరీ ఎక్కువ రాస్తే రేకుకి చిల్లు పడింది. దానికి మాటు వేసి, పైన పెయింట్ వేశారు.

అది పాత రకం.

"ఏవండీ" అని కేకేశాను. మా ఆయన వచ్చి చూసి, నా ముఖం చూసి, జోకు వెయ్యకుండా ఆగారు. సంగతి చెప్పాను.

"సరే. గరాజ్‌లో నల్ల స్ప్రే ఉంది. కారు తుప్పుకి కొన్నది. ఒక్క కోటింగ్ వేస్తే ఎప్పట్లా ఉంటుంది."

"ఏంటండీ ఆ మాటలు!"

"ఆవిడ సంతోషంగా ఉంది. ఆ పిల్ల టికెట్ బుక్ చేసుకుంది. ఇప్పుడు వెళ్లి, మీ నాన్నది పాతదేనండీ, నేనే చింతపండేసి తోమాను అని చెప్తావా?"

నిజం చెప్పాలంటే ఆ స్ప్రే డబ్బా నా కళ్ల ముందు మెదిలింది. దేవుడు నన్ను క్షమించుగాక, ఎంతసేపట్లో ఆరుతుంది అని కూడా ఆలోచించాను. కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుంటే ప్రార్థన రాలేదు, మా నాన్నగారి గొంతు వచ్చింది. ఏ సంవత్సరం నాయనా?

"నిజం చెప్పమని అడిగింది అండీ ఆవిడ. అందుకే నాకిచ్చింది."

ఆయన నిట్టూర్చి తాళాలు తీసుకున్నారు. "పద. నేను డ్రైవ్ చేస్తా. ఆ చేతులు మాత్రం కడుక్కో, చారు వాసన వస్తున్నావు."

ఆమె ఇంట్లో హాలంతా అట్టపెట్టెలు. మా ఆయన పలకరించి, ఏమీ ఎరగనట్టు ఒక మూల కూర్చుని పెట్టెలకి టేప్ వెయ్యడం మొదలుపెట్టారు. నేను నిలబడే చెప్పాను.

"ఆంటీ, నేను రెండు తప్పులు చేశాను."

"ఉండు, చెవి మిషన్ పెట్టుకోనీ. ఊ, ఇప్పుడు ఒక్కొక్కటీ చెప్పు."

"మీ నాన్నగారి బ్యాడ్జి పాడుచేశాను. చింతపండుతో తోమాను. దాని మీది పెయింట్ పోయింది."

"నువ్వా? తోమకూడదని మా అందరికీ క్లాసులు తీసుకునేదానివి?"

"నేనే. రెండోది, మీకు తప్పు చెప్పాను. అది కొత్త రకం కాదు. పిన్ను చూసి అనుమానం వచ్చినా చెప్పలేదు. పాతదే ఆంటీ. గుర్తు ఉన్నదే. ఎవరో ఆకురాయితో అరగదీసి పైన నల్లరంగు వేశారు."

ఆమె చెయ్యి చాపింది. రుమాలు విప్పి ఇచ్చాను. కిటికీ దగ్గరికి వెళ్లి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ముక్కుకి ఆనేంత దగ్గరగా పెట్టుకుని చూసింది. టేప్ చప్పుడు ఆగిపోయింది. ఆమె గోటితో ఆ గీతల మీద రాసింది. మాటు దగ్గర గోరు ఆగింది.

"ఇదేంటి?"

"అరగదీసి అరగదీసి చిల్లు పడింది. తరవాత మాటు వేశారు. పని తెలిసినవాళ్లు చేసింది కాదు ఆంటీ. చాలా మొరటుగా ఉంది."

"మా నాన్న లెక్కల మాస్టారు" అంది. "మేకు కొట్టడం కూడా చేతకాదు. వేలి మీద కొట్టుకునేవాడు."

కుర్చీలో కూర్చుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. కిటికీ బయట కరుగుతున్న మంచు వైపు చూస్తూ మాట్లాడింది.

"నాకు ఏడేళ్లు. నాన్న యుద్ధఖైదీల క్యాంపు నుంచి తిరిగొచ్చాడు. మాకప్పుడు ఇల్లు లేదు. యుద్ధం ఓడిపోయాక జర్మన్లందర్నీ మా ఊరి నుంచి తరిమేశారు కదా, ఒక రైతు ఇంట్లో ఒక్క గదిలో ఆరుగురం. నాన్న వెనక మెట్ల మీద కూర్చుని దేన్నో రాస్తూ ఉండేవాడు. ఆ చప్పుడుకి నాకు పళ్లు జివ్వుమనేవి. రైతు దగ్గర ఆకురాయి అడిగి తెచ్చుకున్నాడు. ఏం చేస్తున్నావు నాన్నా అంటే, తాళంచెవి అన్నాడు."

"తాళంచెవా?"

"తాళంచెవి అంటే మనకి ఇల్లు వస్తోందనుకున్నాను. మా చెల్లెలికి చెప్పాను. ఇద్దరం ఎదురుచూశాం. ఇల్లు రాలేదు, తాళంచెవీ కనపడలేదు. నాన్న అబద్ధం చెప్పాడని చాలా రోజులు కోపంగా ఉన్నాను. తరవాత మర్చిపోయాను. ఇదిగో, ఇప్పటిదాకా."

నాకు తెలిసింది పతకాల సంగతి ఒక్కటే, అదే చెప్పాను. "ఆంటీ, అది మీరు కెనడాకి ఓడెక్కకముందు కదా?"

"చాలా ముందు."

"అప్పటికి ఆ చట్టం లేదు. గుర్తు ఉన్నా లేకపోయినా ఏ పతకమూ పెట్టుకోకూడదు. అరగదీసినంత మాత్రాన పెట్టుకోనిచ్చేవాళ్లు కాదు. ఎవరికైనా ఇచ్చేద్దామనుకున్నా, గెలిచి వచ్చిన విదేశీ సైనికులు జ్ఞాపకంగా కావాలనుకునేవి గుర్తు ఉన్నవే. అరగదీస్తే దేనికీ పనికిరాదు."

"మరి ఎందుకు చేశాడు?"

"నాకు తెలియదు ఆంటీ. ఎవరూ చెయ్యమనలేదని మాత్రం చెప్పగలను."

ఆమె బ్యాడ్జిని మళ్లీ రుమాలులో చుట్టింది. "యుద్ధంలో ఏం చేశాడో నాకు తెలియదు" అంది. "ఎప్పుడూ చెప్పలేదు. ఇది కూడా చెప్పదు. పిల్లకి ఆ మాట కూడా చెప్పాలి."

అప్పుడు అర్థమైంది నాకు, దాన్ని పారెయ్యకుండా పిల్లకే ఇస్తోందని.

"నీ కార్డు ఏదీ? చదువు."

చదివాను. నల్ల గాయపు బ్యాడ్జి, యాభై ఏడు రకం.

"కొట్టెయ్. వెనక వైపు రాయి. పెన్ను ఆ పెట్టె మీదుంది."

ఆమె చెబుతుంటే రాశాను. గాయపు బ్యాడ్జి. పాత రకం. గుర్తుని చేత్తో అరగదీశారు. చిల్లు పడితే మాటు వేశారు. నల్ల పెయింట్ వేశారు. సేకరించేవాళ్ల పద్ధతి ప్రకారం మార్పులన్నీ రాయాలి కాబట్టి నేనే ఆగాను.

"ఏం, ఆగిపోయావు?"

"నేను చేసింది కూడా రాయాలి."

"రాయి మరి. ఆ పుల్లటిదాని పేరుతో సహా."

చింతపండుతో తోమారు, అని రాశాను. వెనక నుంచి మా ఆయన, "ఆంటీ, తోమినావిడ పేరు కూడా రాయించండి, మ్యూజియంలో పెడితే మాకు గొప్పగా ఉంటుంది" అన్నారు. ఆమె నవ్వింది. ఆ నవ్వుతోనే కళ్లు తుడుచుకుంది.

"సంవత్సరం దగ్గర ఏం రాయమంటారు ఆంటీ?"

"సంవత్సరం సరిగ్గా గుర్తులేదు. నాకు ఏడేళ్లు అని రాయి."

ఈస్టర్ నాడు నేను తెల్ల పట్టుచీర కట్టుకుని, పైటకి ఆమె బ్రూచి పెట్టుకుని వెళ్లాను. బలిపీఠం మీద స్తంభాలు మెరుస్తున్నాయి. మొదటి వరుసలో ఆమె పక్కన పొడుగాటి, జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న మనవరాలు. మేం నిలబడి పాడుతుంటే ఆ పిల్ల కూర్చునే ఉంది. రేకుపెట్టె ఒళ్లో పెట్టుకుని కార్డు చదువుతోంది. ఒకసారి చదివి వెనక్కి తిప్పింది, కొట్టేసిన మాటలు కూడా చదివింది. నానమ్మ చెయ్యి లాగి ఏదో అడిగింది. ఆమె పాట ఆపకుండా, బొటనవేలితో వెనక్కి, నావైపు చూపించింది.

ఆ పిల్ల తిరిగి నన్ను చూసింది. రెండు చేతులూ జోడించి నేను తల వంచాను. క్షమించమనో, థాంక్స్ అనో, నాకే తెలియదు. ఇంత పెద్ద పట్టణంలో మమ్మల్ని ఆ మొదటి వరుస వెనక కూర్చోబెట్టినందుకు ప్రభువుకి కూడా అదే చేత్తో వందనం చెప్పుకున్నాను. నా గోళ్ల సందుల్లో చింతపండు మరక ఇంకా పూర్తిగా పోలేదు.